నిప్పు లేని గది

పొద్దున లేచేసరికి బాయిలర్ ఆగిపోయింది. మెకానిక్ సాయంత్రం గానీ రానన్నాడు. స్వెట్టర్ మీద స్వెట్టర్ తగిలించుకుని పనికి కూర్చున్నా. పదకొండింటికి తమ్ముడి ఫోన్. అమ్మ కంటి ఆపరేషన్ గురించి మొదలైన మాట ఎటో వెళ్లింది. "నువ్వు చూసుకున్నదేముందిలే" అనేశాను, దగ్గరుండి అన్నీ చూసుకునేవాణ్ణి పట్టుకుని! వాడు మారు మాట్లాడకుండా పెట్టేశాడు.

ష్రూస్‌బరీలో నవంబరంటే నాలుగున్నరకే చీకటి. ఆలోపు మా మెట్ల కిటికీలోంచి రీకిన్ కొండ కనిపిస్తుంది. 407 మీటర్లే గానీ చుట్టూ పల్లం కాబట్టి దర్జాగా ఉంటుంది. ఇప్పుడిది ఇంగ్లండ్. ఏడో శతాబ్దంలో ఇటు ఏలినవాడు పవిస్ అనే వెల్ష్ రాజ్యపు రాజకుమారుడు కన్‌దలన్. అతని కొలువు పెంగ్వెర్న్ ఈ ఊరేనని పాత నమ్మకం.

అతని మీద పాత వెల్ష్ పద్యాలు మళ్లీ తీశాను. యుద్ధం గురించి వాటిలో దాదాపు ఏమీ లేదు. అన్నలంతా యుద్ధంలో పోయాక మిగిలిన చెల్లెలు హెలెద్ మాట్లాడుతుంది. మూడేసి పాదాలు. కన్‌దలన్ గది ఈ రాత్రి చీకటి అని మొదలెడుతుంది. నిప్పు లేదు, పడక లేదు. తర్వాతి పద్యంలో మళ్లీ అదే చీకటి, ఈసారి దీపం లేదు. మన పల్లెల్లో శోకం పెట్టే ఆడవాళ్లూ ఇంతే, ఒకే మాట పట్టుకుని దానికి ఒక్కొక్కటీ తగిలిస్తూ పోతారు. పెంగ్వెర్న్ గద్ద అన్నల మాంసం కోసం అరుస్తుంటుంది. కొండ మీది నుంచి తన తోబుట్టువు నేలను చూశానంటుంది ఒకచోట. ఆ కొండ మా రీకినే అంటారు.

నన్ను పట్టుకున్నది మాత్రం ఇంకోటి. ఇదంతా నా నాలుక చేసిందే అంటుంది హెలెద్. ఏమన్నదో, ఎవర్నన్నదో చెప్పదు. ఆమె చనిపోయిన రెండు మూడు వందల ఏళ్ల తర్వాత ఎవరో కవి ఆమె నోట పెట్టిన మాట అది. పద్నాలుగో శతాబ్దం చివర హెర్గెస్ట్ ఎర్ర పుస్తకమనే వెల్ష్ రాతప్రతిలోకి ఎక్కింది, ఆ ప్రతి ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్‌లో ఉంది. నోరు మంచిదైతే ఊరు మంచిదని మా నాయనమ్మ అనేది. హెలెద్‌కి ఊరే లేకుండా పోయింది.

మెకానిక్ ఏడింటికి వచ్చాడు. పది నిమిషాల్లో బాయిలర్ బుస్సుమంది, పైపులు టకటకమన్నాయి. ఇండియాలో అర్ధరాత్రి దాటింది. "లేచాక ఫోన్ చెయ్యరా" అని తమ్ముడికి మెసేజ్ పెట్టా.

టిక్కులు వెంటనే నీలమయ్యాయి.