డబ్బా కంటే ముందు చోటు

బెంగళూరులో కొత్త జియోకాష్ (జీపీఎస్ సాయంతో వెతికే ఆట కోసం దాచిపెట్టే డబ్బా) పెట్టాలనుకునే మనవాళ్లకు: ముందు ఆ స్థలం ఎవరిదో తేల్చుకోండి. లాల్‌బాగ్, కబ్బన్ పార్కు ఉద్యానవన శాఖవి. గేటు దగ్గర సెక్యూరిటీ అన్న తలూపితే అది అనుమతి కాదు. అపార్టుమెంటు ఆవరణ అయితే సంఘం దగ్గర రాతపూర్వకంగా తీసుకుని, ఇచ్చినవారి హోదా రివ్యూయర్ నోట్‌లో (కాష్‌ను సైటులో పెట్టే ముందు పరిశీలించే వారికి రాసే నోట్) పెట్టండి.

ఇంకో కాష్‌కు కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి. చిక్కంతా ఇక్కడే. పజిల్ విప్పితేనే చోటు తెలిసే మిస్టరీ కాష్ అసలు డబ్బా, ఒక చోటు నుంచి ఇంకో చోటుకు నడిపించే మల్టీ కాష్ మధ్య మజిలీలు మ్యాపులో కనబడవు. అందుకే అనుమతి కోసం తిరగకముందే కోఆర్డినేట్లు రివ్యూయర్‌కు పంపి, చోటు ఖాళీయేనా అని అడగండి.

తవ్వకూడదు, చెట్టుకు మేకు కొట్టకూడదు. మెట్రో స్టేషన్, బడి, సైనిక స్థలాల దరిదాపులకు అసలే వద్దు. అక్కడ దిక్కులేని డబ్బా కనబడితే జనం పోలీసులకే ఫోన్ చేస్తారు. లోపల ఏముందో కనబడే డబ్బా తీసుకుని, పైన ‘జియోకాష్’ అని కన్నడలోనూ ఇంగ్లిషులోనూ రాయండి.

మర్రి ఊడల కింద ఫోన్ జీపీఎస్ అటూ ఇటూ గెంతుతుంది. రెండు మూడు రోజులు వేర్వేరు వేళల్లో కొలిచి సగటు తీయండి. డబ్బా దొరికినవాళ్లు పేరు రాసే లాగ్‌బుక్ జిప్ కవర్లో, పక్కన పెన్సిల్. పెన్ను సిరా చెమ్మకు అలుక్కుపోతుంది. మూత రబ్బరు కింద ఇసుక రేణువొక్కటి ఇరుక్కున్నా చాలు, జూన్ వానకు కాగితం ముద్దయిపోతుంది.