దాగలి మీద రాలిపోతున్న ఉక్కు బిళ్ల

ఇనుమును మూసలో (కొలిమిలో పెట్టి కరిగించే పాత్రలో) కరిగించి పాతకాలపు పద్ధతిలో ఉక్కు బిళ్ల చేసి, దాన్ని సుత్తితో సాగగొట్టాలని చూస్తున్నాను, మళ్లీ పగిలింది! కరగడం మాత్రం ఈసారి అద్భుతంగా కుదిరింది, బిళ్ల పైన మధ్య నుంచి అంచులదాకా గీతలు తేలాయి, చుట్టూ ఒక్క బొక్క లేదు.

బిళ్ల 540 గ్రాములు, అడ్డం 55 మి.మీ., మందం 30. మూసలో వేసింది 380 గ్రాముల మేకులు, 180 గ్రాముల బీడు (పోత ఇనుము), చిటికెడు బొగ్గుపొడి, లెక్క ప్రకారం కార్బన్ 1.4 శాతం దాటకూడదు. కొలిమిలో థర్మోకపుల్ (వేడి కొలిచే సాధనం) 1020 డిగ్రీలు చూపుతుండగా తీసి, చిన్న సుత్తితో మెల్లగా తట్టినా అంచు 12 మి.మీ. లోతున చీలింది, తర్వాతి దెబ్బకు ఒక పక్కంతా తడి ఇసుకలా రాలింది. మిగిలిన ముక్కను 850కి దించి కొడితే రాలలేదు గానీ సన్న పగుళ్లు ఆగలేదు.

నా మొదటి అనుమానం బీడులోని భాస్వరం మీద. కార్బన్ ఒక్కటే ఎక్కువై ఉంటే 1147 డిగ్రీల దాకా లోపల ఏదీ కరగదు, భాస్వరం చేరితే మాత్రం 950 దగ్గరే రేణువుల మధ్య కరుగుతుంది, నాకు 1020లో రాలి 850లో నిలిచిందంటే లెక్క సరిపోతోంది కదా! రెండో అనుమానం గ్రాఫైట్ మూస మీద, అది కూడా ఉక్కులోకి కార్బన్ వదులుతుంది. గ్రైండర్ పెడితే రవ్వలు పొట్టిగా, ఎర్రగా వస్తున్నాయి, ఆకురాయి జారిపోతోంది, కార్బన్ ఎక్కువైందనడానికి ఇవి గుర్తులే. ఈ పనికి గ్రాఫైట్ మూసలు వద్దనే నా అభిప్రాయం, ఇత్తడికైతే సరే. 1740లలో షెఫీల్డ్‌లో గడియారం స్ప్రింగుల కోసం ఉక్కు కరిగించిన హంట్స్‌మన్ కూడా మట్టి మూసలే వాడాడు.

ఇక బీడు బంద్. మేకులు, బొగ్గు, తంగేడు పుల్లలు, జిల్లేడు ఆకులు, అంతే. మూస మట్టిలో కలపడానికి సిరొంచ రైస్ మిల్లు నుంచి ఊక తెచ్చాను. మాకు గోదావరి ఎగువన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో బిళ్లకు మట్టి పూసి 12 నుంచి 16 గంటలు కాల్చి, చల్లార్చి, మెత్తబడేదాకా మళ్లీ మళ్లీ అదే చేసేవారని 19వ శతాబ్దపు ఆంగ్లేయ భూగర్భశాస్త్రవేత్త వాయిసీ రాశాడు. ఆ ఓపిక నేను ఇంకా పెట్టలేదు, ఈ మిగిలిన ముక్కతోనే మొదలుపెడతాను. అన్ని గంటలు బొగ్గు పోయడం కంటే గ్యాస్ బర్నర్ మేలనిపిస్తోంది, 900 దగ్గర నిలకడగా పట్టి ఉంచే రెగ్యులేటర్ ఎవరైనా వాడుతుంటే చెప్పండి.