గొలుసుకట్టు చెరువులు ఇప్పించిన పీహెచ్‌డీ సీటు: నా అనుభవం

హనుమకొండలో నాతోపాటు ఎమ్మెస్సీ జువాలజీ చేసినవాళ్లలో ఎక్కువమంది డీఎస్సీ, గురుకులాల నోటిఫికేషన్ల కోసం కూర్చున్నారు. చెరువుల మీద పీహెచ్‌డీ చేస్తానంటే అమ్మ అడిగిన మొదటి మాట, "దానికి జీతం ఎవరిస్తరే?" సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే మొదటి రెండేళ్లు నెలకు 37,000, తర్వాత 42,000 అని చెప్పాకే ఊపిరి పీల్చుకుంది.

లైఫ్ సైన్సెస్ పేపర్ 200 మార్కులకు. 13 యూనిట్లలో నేరుగా ఎకాలజీది పదోది ఒక్కటే. అయితే పార్ట్ సీలో 75 ప్రశ్నలకు 25 రాస్తే చాలు, ఒక్కోదానికి 4 మార్కులు. అందుకే ఎకాలజీ, ఎవల్యూషన్, మెథడ్స్ గట్టిగా పట్టుకొని బయోకెమిస్ట్రీని పైపైన చూశాను. కోచింగ్ సంగతి ఎలాగూ అందరూ రాస్తారు.

జేఆర్‌ఎఫ్ వస్తే డబ్బుకు భరోసా దొరుకుతుంది, గైడ్ దొరకడు. మీ దగ్గర ఒక ప్రశ్న ఉండాలి. నేను ఎంచుకున్న కమ్యూనిటీ ఎకాలజీ ఒక్క చేప గురించో ఒక్క నాచు గురించో కాదు. ఒకే నీళ్లలో ఎవరెవరు కలిసి బతుకుతున్నారు, ఎవరిని ఎవరు తింటున్నారు, ఎవరు ఎక్కడి నుంచి కొట్టుకొచ్చారు అన్నది దాని గొడవ. ఒక చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరే మన గొలుసుకట్టు కన్నా దానికి మంచి చోటేముంటుంది?

పాకాల చెరువులో మొదలుపెట్టాలని ఉండేది. కానీ అది అభయారణ్యంలో ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా శాంపిల్ తీయరాదు. అందుకని మా ఊరి వైపు చెరువులే పట్టుకుని, మత్స్య సహకార సంఘం పెద్దమనిషిని అడిగాను. ప్లాంక్టన్ (నీళ్లలో తేలే సూక్ష్మజీవులు) పట్టే వల లాగి, అడుగున చేరిన నీళ్లను సీసాలోకి వంపుతుంటే ఆయన కట్ట దిగొచ్చాడు. శాంపిల్ చెడకుండా వేసే ఫార్మలిన్‌లో చక్కెర కలపడం చూసి నవ్వాడు. చక్కెర లేకుంటే డాఫ్నియా అనే చిన్న నీటి జీవి ఉబ్బిపోయి గుడ్లు జారిపోతాయి, తర్వాత లెక్క తప్పుతుంది. సీసాను ఎండకు పట్టి చూపిస్తే, "గీ నలకలేనా బిడ్డా, బొచ్చె తినేది?" అన్నాడు. తర్వాత తన బాధ చెప్పుకొచ్చాడు: "పై చెర్ల మేం ఇడిసిన పిల్ల, మత్తడి దుంకితే కిందోళ్లకే పోతది."

ల్యాబ్‌లకు రాసిన మెయిల్‌లో ఆ మాటనే ప్రశ్నగా మార్చాను. మత్తడితోపాటు చేపపిల్లలు కిందికి దిగితే, కింది చెరువులో జూప్లాంక్టన్ (ప్లాంక్టన్‌లోని చిన్న జంతువులు) ఎలా మారుతుంది? రెండు పేరాలు, ఒక గ్రాఫ్, అంతే. మార్కుల లిస్టు పెట్టలేదు. బెంగళూరు నుంచి ఒకరు ఇంటర్వ్యూకు రమ్మన్నారు.

బ్రూక్స్, డాడ్సన్ అనే శాస్త్రవేత్తలు 1965లో చూపించిన సంగతి అడుగుతారని తెలుసు, అడిగారు: చేపలు పెద్ద సైజు జూప్లాంక్టన్‌ను ముందు తినేస్తాయి, చిన్నవి పెరుగుతాయి. అసలు దెబ్బ తర్వాతి ప్రశ్న. "కింది చెరువుకు పొలాల ఎరువూ ఎక్కువే చేరుతుంది కదా. మార్పు చేపల వల్లో ఎరువు వల్లో ఎలా తేలుస్తావు?" మా చెరువుల దగ్గర తిరిగి ఉండకపోతే నోరు తెరిచేదాన్ని కాదు. గొలుసులో లేని కుంటలున్నాయి, వాటికీ పొలాల నీళ్లొస్తాయి గానీ పై చెరువు చేప రాదు అన్నాను. వాటిని పక్కన పెట్టి పోలుస్తాను, మత్తడికి ముందూ వెనకా రెండుసార్లు శాంపిల్ తీస్తాను, నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా కొలుస్తాను. "మత్తడి దుంకని ఏడాది?" అని ఇంకొకరు. ఆ ఏడాదే నాకు కంట్రోల్, అంటే పోల్చి చూసుకునే ఏడాది అన్నాను. ప్యానెల్‌లో ఒకరు నవ్వారు గానీ కాగితం మీద ఏదో రాసుకున్నారు.

సీటు వచ్చింది. చేరేముందు మైగ్రేషన్ సర్టిఫికెట్ కోసం తిరిగిన తిరుగుడు వేరే కథ, ముందే దరఖాస్తు పెట్టుకోండి. ఫెలోషిప్‌తో ఏడాదికి 20,000 కంటింజెన్సీ (పరిశోధన ఖర్చులకు) ఇస్తారు. వల, సీసాలు, కెమికల్స్‌కు సరిపోతుంది, వానాకాలంలో ఊళ్ల మధ్య తిరిగే ఆటో కిరాయికి చాలదు. అది గైడ్ ప్రాజెక్టులోంచి వస్తుందా రాదా అన్నది ఇంటర్వ్యూలోనే అడిగేయండి. నేను అడిగాను, ఎవరూ ఏమీ అనుకోలేదు.