ఇంటి చదువుకు పొద్దున గంటన్నర చాలు

పిల్లలకి ఇంట్లోనే చదువు చెప్పుకుందామని నిశ్చయించుకున్నాక, చాలామంది మొదటి వారంలోనే బడి టైంటేబుల్ ఒకటి తెచ్చి గోడకి అంటిస్తారు. తొమ్మిదింటికి తెలుగు, తొమ్మిది నలభైకి లెక్కలు, ఆ తర్వాత ఇంగ్లీషు. బడిలో పీరియడ్ అంతసేపు ఎందుకంటే అక్కడ ముప్పై మందికి హాజరు వేయాలి, పుస్తకాలు తీయించాలి, వెనకబెంచీవాడికి అర్థమయ్యేదాకా ముందుబెంచీవాణ్ణి ఆపాలి. ఇంట్లో ఒకరో ఇద్దరో ఉంటారు కాబట్టి అదే పాఠం పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. మిగిలిన పాతిక నిమిషాలూ బిడ్డని కదలకుండా కూర్చోబెట్టాలని చూసినప్పుడే ఏడుపులు మొదలవుతాయి.

ఆరేళ్ళ పెద్దవాడు, నాలుగేళ్ళ చిన్నది, పదింటికల్లా లాప్‌టాప్ తెరవాల్సిన అమ్మో నాన్నో ఉన్న ఇల్లు అనుకుందాం. ఎనిమిదిన్నరకి మొదలుపెడితే పదికి పూర్తి కావాలి. అందులో బలపం పట్టుకుని కూర్చునే పని మొత్తం కలిపి అరగంట మించదు.

గడియారం కన్నా వరస ముఖ్యం. పాలు, స్నానం, టిఫిన్, చాప. ఆ వయసు పిల్లలకి ఎనిమిదిన్నర అంటే ఏమీ అర్థం కాదు, టిఫిన్ అయ్యాక చాప వేస్తారన్నది మాత్రం నాలుగు రోజుల్లో పట్టుకుంటారు. చాప రోజూ ఒకేచోట, టీవీ వీపు వెనక్కి వచ్చేలా వేయాలి. దాన్ని పరవడం, చివర్న చుట్టి మూలన నిలబెట్టడం పెద్దవాడి పని. పొద్దున్నే ఒక్క పది నిమిషాలు ఫోన్‌లో బొమ్మలు చూసినా ఆ రోజు చాప దగ్గరికి రావడం కష్టమే. అందుకే చాప ఎత్తేదాకా తెర వద్దు.

టిఫిన్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ చాలా ఇళ్ళలో వరస తప్పేది అక్కడే. దోసెలు ఒక్కొక్కటిగా దిగుతాయి. మొదటి దోసె తిన్న పిల్లవాడు ఆఖరి దోసె దిగేలోపు లేచి వెళ్ళిపోతాడు, వేసేవాళ్ళు పెనం ముందు నుంచి కదల్లేరు. దోసెలు ఆదివారానికి పెట్టుకోండి. చదువు రోజుల్లో ఇడ్లీయో ఉప్మానో అయితే అందరూ ఒకేసారి కూర్చుని ఒకేసారి లేస్తారు. పైగా ఇడ్లీ పాత్ర మంచి లెక్కల పుస్తకం: ప్లేటుకి నాలుగు చొప్పున నాలుగు ప్లేట్లకి ఎన్ని, నలుగురం పంచుకుంటే తలా ఎన్ని? గ్లాసు మినప్పప్పుకి రెండు గ్లాసుల రవ్వ కొలవడం ముందురోజు పిల్లల చేతే చేయించవచ్చు.

చాప పక్కన ఒక బుట్ట ఉండాలి. అందులో పలక, రెండు బలపాలు, తడిగుడ్డ, కడిగి ఆరబెట్టిన వంద చింతపిక్కలు, యాభై ఐస్‌క్రీమ్ పుల్లలు, కొన్ని రబ్బరు బ్యాండ్లు, ఆ వారం చదివే కథల పుస్తకాలు మూడు. బలపం సగానికి విరిచి ఇవ్వండి. పొడుగు బలపాన్ని పిడికిలితో పట్టుకుంటారు, పొట్టిదానికి మూడు వేళ్ళకే చోటుంటుంది కాబట్టి పట్టు దానంతటదే కుదురుతుంది. నోట్లో, ముక్కులో పెట్టుకునే వయసు పిల్లలు ఉంటే చింతపిక్కల జోలికి పోకండి, పెద్ద గుండీలు వాడండి. మధ్యలో లేచి ఏదైనా వెతకాల్సి వచ్చిందా, ఆ రెండు నిమిషాల్లో పిల్లలు బాల్కనీలో ఉంటారు.

మొదటి పది నిమిషాలు నోటి పని. ఈరోజు ఏ వారం, తేదీ ఎంత, నిన్న ఏం వండుకున్నాం. తర్వాత ఒక శతక పద్యం, వారానికి ఒక్కటే. సోమవారం పెద్దవాళ్ళు రెండుసార్లు చదివితే చాలు, శుక్రవారానికి పిల్లలే అందుకుంటారు. అర్థం మొదటి రోజే విడమర్చి చెప్పకండి, వాళ్ళు అడిగినప్పుడు చెప్పండి.

తర్వాతి ఐదారు నిమిషాలు చిన్నదానివి. పెద్దవాణ్ణి ముందు కూర్చోబెడితే చిన్నది వాడి వీపెక్కుతుంది. ముందు దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని బొమ్మల పుస్తకం చూపించి, కాసిని పెసలూ కాసిన్ని శనగలూ కలిపిన గిన్నె చేతికిచ్చి వేరుచేయమనండి. పదిహేను నిమిషాలు మీవి.

ఇప్పుడు తెలుగు. అక్షరాలన్నీ అ నుంచి వరసగా దిద్దించుకుంటూ పోతే బిడ్డ మొదటి మాట చదవడానికి నెలలు పడుతుంది. ప, ల, క, ట, వ ఈ ఐదింటితో మొదలుపెట్టి చూడండి. పలక, కల, వల, కలప వస్తాయి. వాటికన్నా పిల్లలకి నచ్చేవి పకపక, టకటక, పటపట, వలవల. రెండక్షరాలు చదివితే మాట మొత్తం వచ్చేస్తుంది, పైగా నవ్వొస్తుంది. సున్నా కలిపితే కలం, పటం. తర్వాత దీర్ఘం: పాప, పాట, పాక, కాలవ. తర్వాత గుడి: కాకి, పిలక, వాకిలి.

ఒక గుర్తుని తెలిసిన అక్షరాలన్నిటికీ పెట్టించాలి. ఒక్క అక్షరానికి గుర్తులన్నీ పెట్టించే క కా కి కీ నోటికి మంచి వ్యాయామమే, కాదనను. కానీ దాన్ని గడగడా అప్పజెప్పే పిల్లవాడి ముందు ‘పీట’ అని రాసి పెడితే, ప పా పి పీ అని మొదట్నుంచీ లెక్కపెట్టుకుంటూ వస్తాడు. గుడి దీర్ఘం కంటికి తెలియలేదు, పాటలో నాలుగోది అని మాత్రం తెలిసింది.

తికమక పడే జంటలు ముందే తెలిసినవే: వ-మ, ప-వ, డ-ద, బ-భ. ఒకే వారంలో రెండూ చెప్పకండి, ఒకటి స్థిరపడ్డాక రెండోది. వ పక్కన మామూలుగా కొమ్ము పెడితే మ లాగా కనబడుతుంది, అందుకే ‘వు’లో కొమ్ము కింది నుంచి వస్తుంది. ‘పు’ కూడా అంతే. ఇది పలక మీద పెద్దగా గీసి చూపిస్తే ఆరేళ్ళవాడికీ అర్థమవుతుంది. ఒత్తుల్లో పప్పు, గడ్డ, ముద్ద ముందు చెప్పాలి, ఎందుకంటే తలకట్టు తీసేసిన అదే అక్షరం కింద కనిపిస్తుంది. పిల్లలు రాయాలని తహతహలాడే అమ్మ, అన్న, అత్త మాత్రం వేరే ఆకారాల ఒత్తులు. వాటిని అప్పటిదాకా బొమ్మలా గుర్తుపెట్టుకోనివ్వండి.

అక్షరాలు ఉన్నట్టుండి పెద్దవవుతున్నాయంటే, కళ్ళు నులుముకుంటున్నారంటే, మూడోసారి నీళ్ళడిగారంటే అక్కడికి ఆపేయండి. పేజీ పూర్తి కాకపోయినా సరే.

పది నిమిషాలు గెంతులు. తొక్కుడుబిళ్ళ గీసుకోవడానికి వరండా చాలు.

తర్వాత లెక్కలు, మళ్ళీ పదిహేను నిమిషాలు. తెలుగులో అంకెలు నేర్పేటప్పుడు చిక్కంతా పదకొండు నుంచి పంతొమ్మిది మధ్యే. పదకొండులో ఒకటి వినబడదు, పన్నెండులో పది సరిగ్గా వినబడదు. అదే ఇరవై ఒకటి, ఇరవై రెండు చూడండి, ఎంత తేటగా ఉన్నాయో. అందుకని పదిదాకా వచ్చాక పుల్లల్ని పదేసి కట్టలు కట్టించి పది, ఇరవై, ముప్పై అని తొంభైదాకా చెప్పించి, ఆపైన రెండు కట్టలూ ఒక పుల్లా ఇరవై ఒకటి అని చూపించి, ఆఖర్న ఒక కట్టా ఒక పుల్లా దగ్గరికి రండి. అప్పటికి ‘పది ఒకటి’ అని వాళ్ళే అంటారు, ‘దాన్నే పదకొండు అంటాం’ అంటే సరిపోతుంది. తెలుగుకి ఒక సుఖం కూడా ఉంది. పదమూడులో పదే ముందు వినిపిస్తుంది కాబట్టి ఒకటి ముందు రాస్తారు. ఇంగ్లీషు థర్టీన్‌లో మూడు ముందు వినిపించి 31 రాసే పిల్లలు చాలామంది ఉంటారు. రెండు భాషల్లోనూ ఒకే రోజు లెక్కపెట్టించకండి. శుక్రవారం లెక్కల బదులు వామనగుంటలు ఆడించండి. పద్నాలుగు గుంటలు, గుంటకి ఐదు పిక్కలు వేస్తే 70. పంచడం, పోల్చడం, ముందుచూపు అన్నీ అందులోనే ఉన్నాయి.

చివరి పదిహేను ఇరవై నిమిషాలు కథ. మీరు చదవాలి, వాళ్ళు వినాలి, అంతే. ప్రశ్నలు వేయకండి. చాప మీదికి రేపు మళ్ళీ రావాలనిపించేది ఈ భాగమే కాబట్టి, ఆలస్యమైన రోజున లెక్కలు కోసేయండి గానీ కథ కోయకండి.

ఇదంతా ఒకే సోమవారం మొదలుపెట్టకండి. మొదటి వారం చాప, పద్యం, కథ. రెండో వారం తెలుగు చేర్చండి, మూడో వారం లెక్కలు. ఒక రోజు బాగా సాగిందని ఇంకో అరగంట పొడిగించడం ఇంకో పొరపాటు, మర్నాడు ఆ అరగంటకి భయపడి చాప దగ్గరికే రారు. జ్వరం వచ్చినా, చుట్టాలు దిగినా ఆ రోజుకి పద్యం, కథ రెండే పెట్టుకుని ఇరవై నిమిషాల్లో ముగించండి. సంక్రాంతి సెలవుల తర్వాత కూడా మొదటి రెండు రోజులు అంతే. ఏప్రిల్, మే నెలల్లో మొత్తం వరసని గంట ముందుకి జరపండి. పదయ్యేసరికి ఫ్యాన్ కింద కూడా చాప మీద కూర్చోలేరు.

‘ఇంతేనా చదువు’ అని తాతయ్యలు అడుగుతారు. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళదాకా ఒకే పునాది దశ అని, ఆటపాటలతోనే సాగాలని చెప్పిందని వాళ్ళకి చూపించవచ్చు. ‘సర్టిఫికెట్టో?’ అంటే, బడికి వెళ్ళకుండానే చదువుకుని పరీక్షలు రాయగలిగే జాతీయ సార్వత్రిక విద్యాలయ సంస్థలో (NIOS) ఎ, బి, సి స్థాయిలు వరసగా మూడు, ఐదు, ఎనిమిది తరగతులకి సమానం. పదో తరగతికి అక్కడ కనీస వయసు 14. అమెరికాలో ఉండేవాళ్ళు తమ రాష్ట్రం నియమం ముందు చూసుకోవాలి. టెక్సాస్‌లో నమోదు కూడా అక్కర్లేదు, న్యూయార్క్‌లో మాత్రం ఒకటి నుంచి ఆరో తరగతిదాకా ఏడాదికి 900 గంటల లెక్క, మూడు నెలలకోసారి నివేదిక ఇవ్వాలి. అక్కడ వంటింట్లో కొలిచిన రవ్వ కూడా రాసిపెట్టుకోండి.

ఎక్కడున్నా ఒక నోటుపుస్తకం పెట్టుకుని రోజుకి ఒక్క వాక్యం రాయండి. ‘బాగా చదివాడు’ అని రాస్తే దానివల్ల ఉపయోగం లేదు. ‘పీటని పిట అన్నాడు, వాకిలి తడుముకోకుండా చదివాడు’ అని రాస్తే రేపు పలక మీద మొదట ఏం రాయాలో చాప పరిచేలోపే తెలిసిపోతుంది.