నేనే వీరిని కంటినా?

బైబిల్లో సంఖ్యాకాండము 11వ అధ్యాయంలో, ఇశ్రాయేలు జనాన్ని ఐగుప్తు నుంచి నడిపించుకొస్తున్న మోషే చేసిన ప్రార్థనను మనం ప్రార్థన కూటాల్లో పెద్దగా చదవం. “నేనే వీరిని కంటినా?” అని దేవుణ్ణి నిలదీస్తాడు. ఇంతమందిని ఒక్కణ్ణే మోయలేను, నాకు ఇదే గతైతే నన్ను చంపేయమంటాడు. ఐగుప్తు రాజు ఫరో ఎదుట నిలబడ్డ మనిషి చివరికి కూర గొడవ దగ్గర కుంగిపోయాడు. ఐగుప్తులో తిన్న చేపలు, దోసకాయలు, ఉల్లిపాయలు, తెల్లగడ్డలు గుర్తొచ్చి జనం ఎవరి గుడారం ముందు వాళ్లు కూర్చుని ఏడుస్తున్నారు మరి.

సేవలో ఉన్నవాళ్లకు ఈ ఏడుపు కొత్తేమీ కాదు. సిద్ధాంతం నచ్చక సంఘం మారేవాళ్లు తక్కువే. మా ఇంటికి క్రిస్మస్ కేరల్స్ రాలేదని, మావాడికి మైకు ఇవ్వలేదని మారేవాళ్లు ఎక్కువ. ఆదివారం వాక్యం అందరికీ కనిపిస్తుంది. ఆసుపత్రి, పెళ్లి సంబంధం, భార్యాభర్తల తగాదా, అర్ధరాత్రి ఫోను, సమాధి కార్యక్రమం ఆ కుటుంబాలకు తప్ప ఎవరికీ కనిపించవు. కానుకల మీదే నడిచే చిన్న సంఘమైతే ఇంటి అద్దె టెన్షన్ కూడా తోడు. ఇవన్నీ పాస్టరుగారు ఎవరితో చెప్పుకోవాలి? సంఘంలో చెబితే, విశ్వాసం లేదా అయ్యగారూ అంటారు. అపొస్తలుడైన పౌలు కూడా తాను తిన్న దెబ్బలు, ఓడ పగిలిన ఆపదలు అన్నీ చెప్పి, వాటి తర్వాత సంఘాలన్నిటిని గూర్చిన చింత ఉందనీ, ఆ భారం దినదినం కలుగుతోందనీ రాశాడు (2 కొరింథీ 11:28).

దేవుడు మోషేను గద్దించలేదు. ఇంకా ఎక్కువ ప్రార్థన చెయ్యమనీ అనలేదు. పెద్దలని నీకు తెలిసినవాళ్లలో నుంచే డెబ్బై మందిని తీసుకురా, నీ మీదున్న ఆత్మలో పాలు వాళ్లకిస్తాను, నీతోపాటు వాళ్లూ మోస్తారు అన్నాడు. ఆ డెబ్బై మందీ ముందునుంచీ ఆ పాళెంలో, అంటే జనం గుడారాల మధ్యే, ఉన్నవాళ్లే.

మన తెలుగు సంఘ చరిత్రలోనూ ఇలాంటిది జరిగింది. 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. అక్కడ సేవ చేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర పేరు అందరికీ తెలుసు. కానీ ఆ రోజు నీళ్లలో దిగి బాప్తిస్మం ఇచ్చింది ఆరుగురు తెలుగు బోధకులు. ఒకసారికి ఇద్దరు దిగడం, అలిసిపోతే ఇంకో ఇద్దరు రావడం.

ఇప్పుడు సంఘ పెద్ద ఒకాయన ఇంటికొచ్చి రోగి కోసం ప్రార్థన చేసి వెళ్తే, “అయ్యగారు రాలేదే” అంటాం. అది అయ్యగారి మీద ప్రేమేననుకుంటాం గానీ, ఆయన నడుం విరగ్గొట్టేది అదే. అటువైపు కూడా ఒక చిక్కుంది. ఇంకొకరు వాక్యం బాగా చెబితే నా స్థానం ఏమవుతుందోనన్న భయం చాలామంది సేవకుల్లో ఉంటుంది, పైకి చెప్పరంతే. ఆ డెబ్బై మంది లెక్కలోని ఎల్దాదు, మేదాదు ప్రత్యక్షపు గుడారం దగ్గరికి రాకుండా పాళెంలోనే ప్రవచిస్తుంటే, వాళ్లను ఆపమన్నది యెహోషువ. అంటే నాయకుణ్ణి ప్రేమించే శిష్యుడే. నా కోసం నువ్వు రోషపడుతున్నావా, యెహోవా ప్రజలందరూ ప్రవక్తలైతే ఎంత బాగుండు అన్నాడు మోషే. కొద్దిసేపటి క్రితం చావు కోరుకున్న నోటితోనే.

డెబ్బై మంది వచ్చినా మోషే కష్టం తీరిపోలేదు. 12వ అధ్యాయంలో సొంత అక్క మిర్యాము, అన్న అహరోనే అతని మీద మాట్లాడారు. అక్కడ మోషే తన తరఫున ఒక్క మాటా అనలేదు. మిర్యాముకు కుష్ఠు వచ్చాక మాత్రం, దయచేసి ఈమెను బాగుచెయ్యమని దేవునికి మొరపెట్టాడు. ఆ ప్రార్థన డెబ్బై మందిలో ఎవరికీ అప్పగించలేదు.