యూదుల ముచ్చట యూదులనే అడుగుదాం: నల్లగొండల కూసొని ఆన్‌లైన్‌ల సదువుకునుడు

యూట్యూబ్‌ల తెలుగుల "యూదులు" అని కొట్టి సూడుండ్రి. ముందుగాల వచ్చేవి చానా వరకు మన పాస్టర్ల వీడియోలే ఉంటయి, అంత్యదినాలు, మూడో దేవాలయం, ఎర్ర ఆవు, ఇజ్రాయెల్ యుద్ధం. నేను చర్చి ఇంట్లనే పుట్టిన, సండే స్కూల్ల పిల్లలకు చెప్త గూడ, గవన్నీ తప్పని అంటలేను. గానీ మోషే గురించి పస్కా గురించి ఇవాళ్టి యూదులు వాళ్ల ఇండ్లల్ల ఏమనుకుంటరో తెల్సుకుందామంటే మాత్రం అవి పనికిరావు, పక్కింటోళ్ల సంగతి ఎదురింటోళ్లను అడిగినట్టు ఉంటది. ఇంగ్లీషు జెరంత సదవొస్తె సాలు, పైసా ఖర్చు లేకుండ వాళ్ల నోటితోనే ఇనొచ్చు.

నన్నడిగితే ముందు క్యాలెండర్ పట్టుకోండ్రి, పుస్తకాలు తర్వాత. హెబ్‌కాల్ అని ఒక సైటున్నది, అండ్ల హైదరాబాద్ అని సెలెక్ట్ చేస్తే ప్రతి శుక్రవారం సబ్బాతు (వాళ్ల విశ్రాంతి దినం) దీపాలు ఎన్ని గంటలకు ముట్టియ్యాల్నో చూపిస్తది, పొద్దు మునుగుటానికి 18 నిమిషాల ముందు అని లెక్క. నల్లగొండ హైదరాబాద్‌కు తూర్పున ఉంటది గాబట్టి మనకాడ పొద్దు ఒక మూడు నిమిషాలు ముందే మునుగుతది, అది మీరే తీసేసుకోవాలె. అండ్లనే తారీకులు మార్చే పేజీ ఉంటది, నాకు అసలు మజా వచ్చింది గక్కడనే. 2024 ఏప్రిల్ 9, 2025 మార్చి 30, 2026 మార్చి 19 కొట్టి సూడుండ్రి, మూడు తారీకులూ మనకు ఉగాది, వాళ్లకు నీసాను నెల ఒకటో రోజు. మాయేం లేదు ఇండ్ల, మనదీ వాళ్లదీ రెండూ చంద్రుణ్ని పట్టుకొని నడిచే నెలలు, అమాస పోంగనే కొత్త నెల, సూర్యునితోని లెక్క తప్పకుండ మనం అధిక మాసం కలిపినట్టే వాళ్లూ 19 ఏండ్లల్ల ఏడు సార్లు ఒక నెల ఎక్కువ కలుపుతరు. 2024ల మా వాడకట్టుల ఎంగిలిపూల బతుకమ్మ ఆడిన అక్టోబర్ 2 సాయంత్రమే వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా షురూ అయ్యింది, మన దసరా నాడే వాళ్ల యోమ్ కిప్పుర్ (పాపాలకు క్షమాపణ అడిగే రోజు) పడ్డది. 2025ల గూడ దసరా, యోమ్ కిప్పుర్ ఒక్కటే రోజు. ఇక్కడ జమ్మి చేతుల పెట్టుకొని అలాయ్ బలాయ్ తీసుకొని దావత్‌లకు పోతుంటే, అక్కడ వాళ్లు దాదాపు 25 గంటలు మంచినీళ్లు గూడ ముట్టకుండ ఉపాసముంటరు. ప్రతి యేడు ఇట్లనే కలుస్తదని మాత్రం అనుకోకుండ్రి, 2023ల మనకు అధిక శ్రావణం వచ్చింది, వాళ్లు ఇంకా నెల కలపలే, రోష్ హషానాకూ బతుకమ్మకూ నెల రోజుల తేడా వచ్చింది.

ఇగ పుస్తకాలు. సెఫారియా అని ఇంకో సైటు. 2011ల మొదలైన సంస్థ, లాభాపేక్ష లేనిది, తోరా (మోషే ఐదు పుస్తకాలు), మిష్నా (పాత గురువులు నోటితోని చెప్పిన ధర్మం), తల్ముద్ (మిష్నా మీద చర్చలు), వాటి మీద వందల ఏండ్ల వ్యాఖ్యానాలు హీబ్రూల, చానా వాటికి ఇంగ్లీషుల గూడ ఫ్రీగ పెట్టిండ్రు. యాప్ గూడ ఉంది. ఆదికాండం తెరిచి మొదటి వచనం మీద నొక్కితే పక్కన ఒక పట్టీ తెరుచుకుంటది, అండ్ల ఆ ఒక్క వచనం మీద ఎవరెవరు ఏం రాసిండ్రో మొత్తం వరుసగ వస్తది. ముందు రాషీని నొక్కుండ్రి. 1040 నుంచి 1105 దాక ఫ్రాన్స్‌ల బతికిన పెద్దాయన, యూదుల పిల్లలు ఇప్పటికీ తోరాను ఈయన వ్యాఖ్యానంతోనే నేర్చుకుంటరు. అసొంటాయన మొదటి వచనం కాడ మొదలే అడిగేదేందో తెల్సా, తోరా అంటే ఆజ్ఞల పుస్తకం గదా, నిర్గమకాండం 12ల "ఈ నెల మీకు నెలలల్ల మొదటిది" అన్న ఆజ్ఞ కాడ షురూ కావాలె గానీ సృష్టి కాడ ఎందుకు షురూ అయ్యింది అని! ఆ నెల ఏందనుకున్నరు, నీసానే, పైన ఉగాదితోని కలిసిందే. రాషీ జవాబు అక్కడనే ఉంటది, సదువుండ్రి. దాని కింద రంబాన్ అనే ఇంకో వ్యాఖ్యాత ఉంటడు, వందేండ్ల తర్వాత మనిషి, సృష్టే విశ్వాసానికి వేరు గదా, దాంతోనే మొదలుపెట్టక తప్పదు అసలు ఈ ప్రశ్న ఎందుకొచ్చింది అని రాషీ మాట మీదనే అడుగుతడు. మా సండే స్కూల్ల పిల్లలు ఇట్ల అడిగితే "ముందు కూసో" అంటం మనం.

ఒక చిన్న జాగ్రత్త, వచనాల నంబర్లు మన తెలుగు బైబిల్‌తోని అన్నిచోట్ల కలవయి. 51వ కీర్తనల మన ఒకటో వచనం వాళ్లకు మూడోది, మలాకీ మనకు నాలుగు అధ్యాయాలైతే వాళ్లకు మూడే.

తల్ముద్ గూడ అండ్లనే ఉన్నది, 2017 నుంచి స్టైన్‌సాల్ట్జ్ ఇంగ్లీషు అనువాదం ఫ్రీ చేసిండ్రు. రోజుకొక ఆకు సదివే పద్ధతిని దఫ్ యోమీ అంటరు, 1923ల మొదలైంది, మొత్తం 2,711 ఆకులు, ఏడున్నర ఏండ్ల పని. మొదటి ఆకులనే ఒక ముచ్చట వస్తది. రబ్బాన్ గమలియేల్ అనే పాత గురువు కొడుకులు పెండ్లి దావత్‌కు పోయి అర్ధరాత్రి దాటినంక ఇంటికొచ్చి, రాత్రి చెప్పుకోవాల్సిన షెమా ("ఇశ్రాయేలూ వినుము") ప్రార్థన ఇంకా చెప్పుకోలే అంటరు, తిట్టుడేం లేదు, తెల్లారకపోతే ఇప్పటికైనా చెప్పుకోవాల్సిందే అంటడు తండ్రి. మన బారాత్‌ల సంగతి తెల్సినోళ్లకు ఇది వేరే అర్థం చెప్పాల్నా.

మనుషులు దొరుకుడే కష్టం. గుంటూరు దిక్కు చేబ్రోలు కాడ కొత్తరెడ్డిపాలెంల తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయీము అనే యూదు సమాజం వాళ్లున్నరు, చిన్న ప్రార్థన మందిరం గూడ ఉన్నది. పాత పెద్ద మందిరాలంటే బొంబాయి, పుణె, కొచ్చి. పాలమూరోళ్లు బొంబాయికి కూలికి పోయి ఉండే కామాటిపుర పక్కనే బైకుల్లా, ఆడ ససూన్ కుటుంబం కట్టిచ్చిన మాగెన్ డేవిడ్ మందిరం ఉన్నది, ఎంతమంది దాని ముంగట్నించి నడిచిండ్రో. పోవాలంటే ముందు అడిగి పోవాలె, ఐడీ కార్డు పట్టుకోవాలె, 2008 దాడుల తర్వాత సెక్యూరిటీ గట్టిగుంటది. ఆన్‌లైన్ క్లాసులు, జూమ్ గ్రూపులు మస్తున్నయి గానీ శుక్రవారం సాయంత్రం మెసేజ్ పెట్టి జవాబు రాలేదని ఫీల్ కాకుండ్రి, నిష్ఠగ ఉండేటోళ్లు శనివారం రాత్రి దాక ఫోనే ముట్టరు. శనివారం ప్రార్థన లైవ్ వస్తుందంటే అది చానా వరకు రిఫార్మ్ వాళ్లదే (పాత నియమాలను సడలించుకున్న శాఖ) అయ్యుంటది, న్యూయార్క్ సెంట్రల్ సినగాగ్ (ప్రార్థన మందిరం) అసొంటివి. యూదులు మనల్ని మతం మార్చుకోమని పిలువరు, ఎవరన్న వాట్సాప్‌ల నిన్ను యూదున్ని చేస్త, ఇజ్రాయెల్ పంపిస్త, ఇన్ని పైసలు కట్టు అంటే నంబర్ బ్లాక్ చేసుడే. నిజంగ మారాలనుకున్నోళ్లకు రబ్బీ (వాళ్ల మత గురువు) ఎదుట ఏండ్ల చదువుంటది.

ఇంకోటి, వాళ్ల చదువు ఇద్దరు కూసొని వాదించుకుంట సదివేది, హవ్రూతా అంటరు. నేను మిర్యాలగూడల ఉండే మా బావతోని ఫోన్‌ల సదువుతున్న. దఫ్ యోమీ కొత్త రౌండు 2027 జూన్‌ల మొదలైతది, చేద్దామా బావా అంటే ఏడున్నర ఏండ్లు నీతోని నెగలుడు నాతోని కాదన్నడు. అందుకని పిర్కే అవోత్ (హిల్లేల్ అసొంటి పాత గురువుల సూక్తుల పుస్తకం) పట్టినం, ఆరు అధ్యాయాలే, ఇప్పుడు రెండో దాంట్ల ఉన్నం, మొన్న ఒక్క వాక్యం మీద గంట సేపు కొట్లాడి ఫోన్ పెట్టేసిండు, పొద్దుగాల మళ్ల ఆయనే చేసి "హిల్లేల్ నా దిక్కే ఉన్నడు సూడు" అని షురూ చేసిండు.