తిప్పతీగ పాలీశాకరైడ్లు: ఆ యాంటీఆక్సిడెంట్ శక్తి ఎవరిది?

హైదరాబాద్ కళాశాలల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టు అనగానే విద్యార్థులు ఇష్టంగా ఎంచుకునే మొక్కల్లో తిప్పతీగ ఒకటి. అందులోని పాలీశాకరైడ్లకు, అంటే చక్కెర యూనిట్ల పొడవాటి గొలుసులకు, యాంటీఆక్సిడెంట్ శక్తి (జతలేని ఎలక్ట్రాన్‌తో చురుగ్గా ఉండే రాడికల్ అణువులను అణిచే శక్తి) ఉందని తేల్చేవారున్నారు. తిప్పతీగ కాడను దంచి నీళ్ళలో నానబెట్టి, వడగట్టి, అడుగున పేరుకున్న తెల్లని పొడిని ఆరబెడితే వచ్చేదే తిప్పసత్తు. రసాయనికంగా అందులో అధికభాగం పిండిపదార్థమే, అంటే గ్లూకోజ్ యూనిట్లు ఆల్ఫా 1,4 బంధాలతో గొలుసుగా కలిసిన పాలీశాకరైడ్. అదే కాడలో అరబినోజ్, గాలక్టోజ్‌లతో ఏర్పడిన అరబినోగాలక్టాన్ కూడా ఉంటుంది. కలబంద గుజ్జులోని ఎసిమన్నాన్ నిర్మాణం వేరు: బీటా 1,4 బంధాల మానోజ్ గొలుసు, దానిపై ఎసిటైల్ సమూహాలు.

మొక్క పొడిని వేడినీటిలో ఉంచి, వడగట్టిన ద్రవానికి మూడు నాలుగు రెట్లు ఇథనాల్ కలిపితే పాలీశాకరైడ్లు అవక్షేపంగా దిగుతాయి. వాటిని అంటిపెట్టుకుని ప్రొటీన్లూ, ఫినాలిక్ పదార్థాలూ (మొక్కల్లో సహజంగా ఉండే యాంటీఆక్సిడెంట్లు) దిగుతాయి. ఈ ముడి అవక్షేపాన్నే డీపీపీహెచ్ పరీక్షకు (డీపీపీహెచ్ అనే ఊదారంగు రాడికల్ రంగు ఎంత పోతుందో చూసే పరీక్ష) పెట్టి, ఊదారంగు పసుపుగా మారింది కనుక ఆ శక్తి పాలీశాకరైడ్‌దేనని తేల్చడం నాకు సమ్మతం కాదు. ఆ రాడికల్‌కు సులభంగా హైడ్రోజన్‌ను ఇవ్వగలిగేది ఫినాల్. శుద్ధమైన చక్కెర గొలుసుకు ఆ సామర్థ్యం చాలా తక్కువ. పైగా డీపీపీహెచ్‌ను మిథనాల్‌లోనో ఇథనాల్‌లోనో కరిగిస్తారు, పాలీశాకరైడ్‌ ఆల్కహాల్‌లో కరగదు. ద్రావణం మసకబారితే 517 నానోమీటర్ల కాంతితో రంగును కొలిచే రీడింగే తప్పుతుంది. హైడ్రాక్సిల్ రాడికల్ పరీక్ష ఫలితాన్ని చూపించేవారూ ఉన్నారు, కానీ ఆ రాడికల్ మామూలు గ్లూకోజ్‌తో సైతం వేగంగా చర్య జరుపుతుంది, కనుక అది ఈ పాలీశాకరైడ్ ప్రత్యేకతకు రుజువు కాదు.

అయితే గొలుసు నిర్మాణానికి పాత్రే లేదని నా అభిప్రాయం కాదు. గాలక్టురోనిక్ ఆమ్లం వంటి యురోనిక్ ఆమ్లాలు (ఆమ్ల సమూహమున్న చక్కెరలు) ఉన్న పాలీశాకరైడ్లు తమ కార్బాక్సిల్ సమూహాలతో ఇనుము అయాన్లను పట్టి ఉంచగలవు, దానివల్ల హైడ్రోజన్ పెరాక్సైడ్ నుంచి హైడ్రాక్సిల్ రాడికల్ పుట్టడమే తగ్గవచ్చు. అందుకే ఏ చక్కెరలు ఏ నిష్పత్తిలో ఉన్నాయో, ఏ బంధాలతో కలిశాయో, అణుభారం ఎంతో తేల్చి, ప్రొటీన్ తొలగించి, మిగిలిన ఫినాల్‌ను ఫోలిన్ పరీక్షతో కొలిచి, ఆ సంఖ్యను యాంటీఆక్సిడెంట్ ఫలితం పక్కనే ఇవ్వమని నా విద్యార్థులను కోరుతున్నాను. శుద్ధి చేస్తున్నకొద్దీ శక్తి తగ్గుతూ పోతే ఆ తగ్గుదలే అసలు ఫలితం; దాన్ని దాచకుండా పట్టికలో చూపాలి.

తినేవారి సంగతి మరొకటి. తిప్పసత్తులోని పిండి ఉడికితే మన అమైలేజ్ ఎంజైము దాన్ని గ్లూకోజ్ వైపు విడగొడుతుంది. అరబినోగాలక్టాన్‌ను మన ఎంజైములు విడగొట్టలేవు, అది పెద్దపేగు బ్యాక్టీరియాకు ఆహారమై చిన్న కొవ్వు ఆమ్లాలుగా మారుతుంది. పరీక్షనాళికలో మనం కొలిచిన గొలుసు ఆ రూపంలో రక్తానికి చేరడం అరుదు.